తేనెటీగలు లేచిన ఆదివారం: కరీంనగర్ వృక్షోద్యానంలో తాకి చూసే నడక

మా ఆయన రాజేశం చాలా ఏళ్ళు దుబాయిలో ట్రెయిలర్ నడిపాడు. షుగర్ కళ్ళ మీద పడ్డాక మందమర్రికి వచ్చేశాడు. వెలుతురు ఎటు ఉందో తప్ప ఆయనకు ఇప్పుడు ఇంకేమీ తెలియదు. ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే లోపలి గదిలోకి వెళ్ళి పడుకునేవాడు. నేను పనిచేసే బడిలో తోటి టీచర్ ఒకరోజు ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది. కరీంనగర్ అంచున ఉన్న వృక్షోద్యానంలో ఈ శరదృతువు ఆదివారాలు చూపు లేనివారి కోసం ‘తాకి చూసే నడక’ పెడుతున్నారట. చెట్లను తడిమి, వాసన చూసి, ఆకుల చప్పుడు విని పోల్చుకోవడం. ముందుగా ఫోన్ చేసి పేరు చెబితే చాలు, రుసుము లేదు. ఆయనను అడగకుండానే పేరు ఇచ్చేశాను. “చెట్లను పట్టుకునేటందుకు గంత దూరం పోవుడేంది? మన వాకిట్ల యాపచెట్టు సాలదా?” అని మండిపడ్డాడు. పోట్లాడీ పోట్లాడీ చివరికి ఒక్కసారికే అన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

తెల్లవారగానే మందమర్రిలో షేర్ ఆటో ఎక్కి మంచిర్యాల బస్టాండుకు చేరుకున్నాం. అక్కడి నుంచి కరీంనగర్‌కు ఎక్స్‌ప్రెస్ బస్సులు తరచుగానే ఉంటాయి. గోదావరి దాటి, పెద్దపల్లి, సుల్తానాబాద్ మీదుగా సుమారు రెండున్నర గంటల ప్రయాణం. ఆధార్ కార్డు దగ్గరుంటే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు అక్కర్లేదు. దసరా వెళ్ళిన వారం కాబట్టి రోడ్డు పక్కన ఇంకా మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి, పత్తి చేలు తెల్లబడుతున్నాయి. ఆయన కిటికీ పక్కన ముఖం అటు తిప్పుకుని కూర్చున్నాడు. వంతెన మీద చల్లగాలి తగిలినప్పుడు మాత్రం “గోదారా?” అన్నాడు. కరీంనగర్ బస్టాండు బయట సీతాఫలాల గంపల మధ్య నుంచి దారి చేసుకుని ఆటో మాట్లాడాను. వంద రూపాయలు. “గార్డెన్ల చాయ్ తప్ప ఏం దొరకదక్కా. టిఫిన్ ఈడ్నే చేసి పోండ్రి. వచ్చేటప్పుడు అటు ఆటోలు ఉండయ్, నా నంబర్ రాసుకోండ్రి” అన్నాడు డ్రైవర్. నంబర్ తీసుకున్నాను. ఇడ్లీ తిని బయలుదేరి పదింటికల్లా గేటు దగ్గర దిగాం.

ఈ తోటను ఈ కాలంలోనే చూడాలి. వానలకు పెరిగిన గడ్డి ఇంకా పచ్చగానే ఉంది. దారికి రెండు వైపులా తంగేడు పసుపు పచ్చగా, గునుగు తెల్లగా విరగబూసి, పూల మీద సీతాకోకచిలుకలు ముసిరి ఉన్నాయి. ఏడాకులపాల చెట్టు పూత ఘాటు గేటు దాకా వస్తోంది. ఒక చెట్టు నీడలో సిరిసిల్ల నుంచి వచ్చిన మరమగ్గాల ఇళ్ళ ఆడవాళ్ళు పెరటి మందుమొక్కల గింజలు పంచుకుంటున్నారు. మా నడకను నడిపించే అమ్మాయి పేరు స్రవంతి. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది, ఆదివారాలు ఇక్కడ ఉచితంగా పనిచేస్తుంది. ఆ రోజు నడవడానికి వచ్చినవాళ్ళు నలుగురు. ముడులు వేసిన ఒక నూలుతాడును అందరి చేతికీ ఇచ్చి, ముందు కొస తాను పట్టుకుంది. నేను కూడా వెనక నడవబోతే ఆపింది.

“అక్కా, వెంట వచ్చినోళ్ళు చాయ్ షెడ్డుల కూసోవాలె. మీరుంటే అన్న చెట్టును పట్టుకోడు, మిమ్మల్నే పట్టుకుంటడు.”

ఆయన ముఖం ముడుచుకుపోయింది. “పద్మా, నువ్వు యాడికి పోకు” అన్నాడు, అందరి ముందూ. అయినా కూర్చున్నాను. తాడు కదిలింది. ఆ మలుపు తిరిగేదాకా ఆయన వీపునే చూస్తూ ఉండిపోయాను.

షెడ్డులో కూర్చున్న గంటా గంటన్నర నాకు చాయ్ రుచి తెలియలేదు. చివరికి ముగ్గురు వాచ్‌మన్ వెంట నవ్వుకుంటూ తిరిగి వచ్చారు. మా ఆయన లేడు. ఏడాకులపాల మానును ఇంకోసారి తడమాలని ఆగిపోయాడట, స్రవంతి ఆయనతో ఉండిపోయిందట. ఆయన తనంతట తాను ఒకటి అడిగాడని వినగానే నాకు ఎంత ఆనందమో. లేచి నిలబడ్డాను. అప్పుడే ఒక గద్ద పైనుంచి వాలి, అటువైపు ఎత్తైన చెట్టు కొమ్మకు వేలాడుతున్న తేనెపట్టును తన్నింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ తర్వాత మోటారు నడిచినట్టు మోత. కొమ్మ కింద గాలి నల్లబడింది.

“ఈగలు లేసినయ్! లోపలికి ఉరుకుండ్రి!” అని వాచ్‌మన్ మల్లయ్య కేకలు వేశాడు. గింజలు పంచుకుంటున్న ఆడవాళ్ళందరూ కొంగులు కప్పుకుని షెడ్డులోకి వచ్చిపడ్డారు. మల్లయ్య తలుపు వేశాడు. నేను మా ఆయనకు ఫోన్ చేశాను. నా చేతిసంచిలోనే మోగింది. స్రవంతి నంబరుకు చేస్తే ఎత్తలేదు. తలుపు గడియ మీద చెయ్యి వేశాను.

“ఇప్పుడు పోతే మీరు గూడ పడిపోతరు మేడం. జర ఆగుండ్రి. పొగ పెడుత” అన్నాడు మల్లయ్య.

“గాయనకు కండ్లు కానరావు!”

“ఎరుకే. అందుకే నేను వస్తున్న.”

ఇనుప బొచ్చెలో పచ్చగడ్డి, వేపాకు వేసి రాజేశాడు. నాకు ఒక గొంగడి ఇచ్చాడు. మోత కొంచెం దూరం జరిగాక ఇద్దరం బయటపడ్డాం. పరుగెత్తవద్దన్నాడు. పొగలో దగ్గుకుంటూ, వంగి నడిచాం. ఏడాకులపాల చెట్టు కింద ఎవరూ లేరు. నూలుతాడు దారికి అడ్డంగా పడి ఉంది. దాని పక్కనే స్రవంతి చెప్పు ఒకటి.  “ఓ” అని కేకేశాను.

“మెల్లగ రా. నెట్టు ఎత్తకు, ఈగలొస్తయ్” అని నర్సరీ షెడ్డులోంచి ఆయన గొంతు వినిపించింది.

నారుమొక్కలు పెంచే ఆ షెడ్డు చుట్టూ ఆకుపచ్చ వల కట్టి ఉంటుంది. ఆయన వల అంచును నేలకు అదిమిపట్టి కూర్చున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. అది స్రవంతి తలకు చుట్టి ఉంది. ఆయన వీపంతా దద్దుర్లు, ముళ్ళు ఇంకా చర్మంలోనే ఉన్నాయి. స్రవంతి రెండు కళ్ళూ వాచి మూసుకుపోయాయి, పెదవులు ఉబ్బాయి. ఊపిరి తీస్తుంటే గొంతులో ఈల వేసినట్టు శబ్దం. “నాకేం గాలె. ముందు గీ పిల్లను దవాఖానకు తీస్కపోవాలె” అన్నాడు ఆయన.

ఆటో డ్రైవర్‌కు ఫోన్ చేస్తే దగ్గరలోనే ఉన్నానని చెప్పి, ఆటోను నేరుగా లోపలికే తెచ్చాడు. అంబులెన్స్ కోసం ఆగకుండా ఎక్కేశాం. స్రవంతి మా మధ్య వాలిపోయింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని మాట్లాడిస్తూనే ఉన్నాడు.

“బిడ్డా, పొద్దుగాల మొదట ముట్టించిన చెట్టేంది?”

“నేరేడు.”

“తర్వాత?”

“ఇప్ప... గరుకుగుంటది.”

“గటెన్క?”

జవాబు రాలేదు. ఆయన తన చెవిని ఆమె ముఖానికి ఆనించాడు. “తమ్మీ, జల్ది పో! ఊపిరి సన్నగైతుంది!” అన్నాడు. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. కూడలిలో ఎదురుగా గ్రానైట్ రాళ్ళ లారీ అడ్డంగా తిరుగుతోంది. డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు. లారీ ఆగింది, మేము దాని ముందు నుంచి దూసుకుపోయాం. నేను ఆ పిల్ల అరికాళ్ళు రుద్దుతూ, ఏ దేవుడికి మొక్కుతున్నానో నాకే తెలియకుండా మొక్కాను.

ఆస్పత్రిలో దింపగానే స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయి తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. పరదా అవతల ఏం జరుగుతోందో తెలియదు. ఇవతల ఒక నర్సు మా ఆయన వీపు మీది ముళ్ళను గీకి తీస్తుంటే, ఆయన పళ్ళు బిగపట్టి జరిగింది చెప్పాడు. ఈగలు మొదట ఆమె ముఖాన్నే పట్టాయి. ఆమెకు చూపు పోయి అక్కడక్కడే తిరుగుతుంటే తాను చెయ్యి పట్టుకున్నాడు. నర్సరీ గుమ్మం దగ్గర నిమ్మగడ్డి మడి ఉందని అంతకుముందే వాసన చూపించి చెప్పింది. కాలి కింద ఇటుకల దారి ఉన్నంతసేపూ నడిచి, ఆ వాసన తగిలిన చోట లోపలికి తిరిగాడు. “రెండుసార్లు కింద పడ్డం” అన్నాడు. 

కొంతసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఊపిరి నిలకడకు వచ్చిందని, రేపటిదాకా చూడాలని చెప్పింది. “పేషెంట్ దగ్గర ఎవరో ఒకరు ఉండాలె. అటెండెంట్ ఎవరు?” అని అడిగింది. స్రవంతి అమ్మానాన్నలు మంథని నుంచి ఇంకా దారిలోనే ఉన్నారు. నేను లేవబోయాను. ఆయన నాకంటే ముందు లేచి నిలబడ్డాడు.

“నేనున్న” అన్నాడు.

డాక్టరమ్మ ఆయన కళ్ళ వైపు, తర్వాత నా వైపు చూసింది. నేను కూర్చుండిపోయాను. “మంచం ఎడమ పక్కకు కుర్చీ ఉంది” అని ఆయనను లోపలికి తీసుకెళ్ళింది. సాయంత్రం స్రవంతి తల్లిదండ్రులు వచ్చేదాకా ఆయన ఆ కుర్చీ దిగలేదు. సెలైన్ సీసాలో చుక్కలు ఆగిపోతే చెప్పమని నన్ను మాత్రం పరదా దగ్గర నిలబెట్టాడు. మర్నాడు స్రవంతి ఇంటికి వెళ్ళింది. ఆయన వీపు మానడానికి వారం పట్టింది.

ఇంతకాలం నేను ఆయన వెనక మాత్రల డబ్బా, మంచినీళ్ళ సీసా పట్టుకుని తిరిగాను. అది ప్రేమే, కాదనను. కానీ మా ఇంట్లో ఎవరూ ఆయనను ఏ పనికీ పిలవడం లేదని ఆ వార్డు గుమ్మంలో నిలబడితే గానీ నాకు తట్టలేదు. మొన్న పక్కింటాయన వస్తే ఆయన లోపలి గదిలోకి పోలేదు. ఏడాకులపాల బెరడు ఎలా ఉంటుందో వివరంగా చెబుతూ కూర్చోబెట్టుకున్నాడు. ఇలాంటి నడకకు మీ ఇంటివాళ్ళను తీసుకెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా: గేటు దగ్గరే తేనెపట్టు ఎక్కడుందో, తలుపు మూసుకోగల చోటు ఏదో అడిగి, ఆ దారిలో వాళ్ళను ముందుగా ఒకసారి నడిపించండి. ఆ తర్వాత చెయ్యి వదిలి, వెళ్ళి చాయ్ షెడ్డులో కూర్చోండి.