బాలమ్మ కాళ్లకు బోరు నీళ్లు

విగ్రహాల ఆవిష్కరణ అంటేనే నాకు ఒళ్లు మండుతది. అయినా పోయిన ఆదివారం గుమ్మడిదల దిక్కు ఒక ఊరికి బయల్దేరిన. కారణం సత్తెమ్మ. నీళ్ల కాలుష్యం మీద చేసిన ధర్నాలో పరిచయం. దొరకు వెట్టి చెయ్యనని ఎదురు తిరిగిన బాలమ్మ ఆమెకు అమ్మమ్మ. ఆ బాలమ్మ విగ్రహానికి పైసలిచ్చింది ఊరి పక్క మందుల కంపెనీ. సత్తెమ్మ కొడుకు రమేశ్ ఆ కంపెనీలోనే కాంట్రాక్టు కార్మికుడు. "కంపెనీ మురికితోని మా బోరు నీళ్లు పాడైన సంగతి స్టేజీ మీదనే చెప్త అన్నా" అని సత్తెమ్మ ఫోన్‌లో అంటే, "చెప్పు" అన్నది నేనే. ఫోన్ పెట్టేసినంక భయం పట్టుకుంది. ధైర్యం చెప్పేది నేను, కొలువు పోయేది ఆ పిల్లగానికి.

పొద్దున ఎనిమిదింటికి పటాన్‌చెరులో షేర్ ఆటో ఎక్కిన. మనిషికి యాభై రూపాయలు, జిన్నారం మీదుగా గంటకు పైనే పట్టింది. బొల్లారం దాటినంక ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుంటే డ్రైవర్ నవ్విండు. "కొత్తనా సార్? గీ వాసన రాకుంటే ఫ్యాక్టరీ బందైందేమోనని మేం పరేషాన్ అయితం."

సభలో సత్తెమ్మకు మైకు ఇయ్యలేదు. "నువ్వు గుడ్డ గుంజు చాలు, మాట్లాడనీకె పెద్దలున్నరు" అన్నడు కంపెనీ మేనేజర్. ఆమె పోయి తన బిందె కాడ నిలబడ్డది. దండ వేసే ముందు ముఖ్య అతిథి విగ్రహం కాళ్లు కడుగుడు, ఆ నీళ్లు ఇంటోళ్లు తెచ్చుడు అక్కడి పద్ధతి. సత్తెమ్మ బిందె ముందుకు తెచ్చి చెంబు ముంచింది. నీళ్లు పసుపు రంగు.

"ఏందమ్మా ఈ వాసన?" అన్నడు అతిథి.

"మా బోరు నీళ్లే సార్. రోజూ మేం తానం చేసేటియి. మా అమ్మమ్మకు ఇంటి నీళ్లే పొయ్యాలె గదా."

చుట్టూ కెమెరాలు. పోయక తప్పలేదు. పోసినంక ఆయన చేతులు కడుక్కోనీకె నీళ్ల బాటిల్ అడిగిండు. "ఒక్క చెంబుకే గట్లయితే ఎట్ల సార్" అని వెనుకనుంచి ఒక ముసలామె అంటే జనం నవ్విన్రు. నేను నవ్వలేదు. మేనేజర్ అప్పటికే రమేశ్‌ను పక్కకు పిలిచిండు.

తిరిగొచ్చిన రమేశ్ ముఖం పాలిపోయి ఉంది. "రెండో షిఫ్టుకు రా, గేటు కాడ సూద్దాం అన్నడు."

"నేనొచ్చి మాట్లాడుత" అన్న.

"నువ్వు ఊకో అన్నా. నువ్వు మాట్లాడితే ఉన్నది గూడ పోతది. ముందుగాల అన్నం తిను" అని కసిరింది సత్తెమ్మ.

మధ్యాహ్నం కంపెనీ గేటుకు ఇవతల నేను, సత్తెమ్మ నిలబడ్డం. సెక్యూరిటీ అతను ఎవరికో ఫోన్ చేసిండు, చాలాసేపు విన్నడు, "జావ్ భాయ్" అన్నడు. రమేశ్ వెనక్కి చూడకుండ లోపలికి పోయిండు. "ఈ పూటకైతే పోయిండు" అన్నది సత్తెమ్మ.

వెట్టి చెయ్యనన్న మనిషికి విగ్రహం పెట్టి, ఆమె మునిమనుమడు పనికి పోవాల్నంటే ఎవరో ఫోన్‌లో ఒప్పుకోవాల్సి వస్తే, దాన్ని సన్మానం అనుడు ఎట్ల? నాకైతే సిగ్గనిపించింది. ఇది రాస్తున్నప్పుడు గూడ గుబులు తగ్గలేదు. అందుకే ఊరి పేరు రాయలేదు, మనుషుల పేర్లు మార్చిన. మీరు అటు పోతే ఒక్కటి గుర్తుంచుకోండ్రి: నీళ్ల ఫొటోలు ఎన్నయినా తియ్యండ్రి, మనుషుల ముఖాలు మాత్రం వద్దు. తెల్లారి మళ్ల ఆ గేటు కాడ నిలబడేది వాళ్లే.