పార్వతమ్మ నమలని తాంబూలం

పుంగనూరు చుట్టుపక్కల పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో పార్వతమ్మను తెలియనివాళ్లు లేరు. సంబంధాలు కుదర్చడం ఆవిడ పని. నా పెళ్లి కుదిర్చింది కూడా ఆవిడే కాబట్టి, ఆవిడను నాలుగు మాటలనే హక్కు నాకుంది. నా భార్య ఒప్పుకోదు, అది వేరే సంగతి.

పెళ్లికొడుకును ఆవిడ చూసినంతగా ఎద్దును కొనేవాడు కూడా చూడడు. చెప్పాపెట్టకుండా పిల్లవాడి ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడుగుతుంది. నీళ్లు వచ్చేలోపు ఇల్లంతా చూసేస్తుంది. నన్నయితే గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పి పళ్లు చూసింది.

"దాస్తే పెండ్లయినాంక బయటపడతాది. ముందే సూస్తే ఎవురికీ ఏడుపుండదు" అనేది.

తాంబూలాలు మార్చుకునే రోజు రెండువైపులవాళ్ల ముందూ కూర్చుని మొదటి ఆకూ వక్కా తనే నమిలేది. అదే ఆవిడ పూచీ. పార్వతమ్మ నమిలిందంటే సంబంధంలో లోటు లేదని లెక్క. ఆకులో పొగాకు కూడా ఉండేది. మామూలు రోజుల్లోనూ ఆ ముద్ద బుగ్గనే ఉండేది.

ఇంతమందిని పరీక్షించిన మనిషి, నర్సు సుప్రజ నోటి క్యాన్సర్ పరీక్షలకని వీధిలోకి రాగానే పెరటి గుమ్మంలోంచి జారుకుంది. సుప్రజకు ఆ పెరటి సందు తెలుసు, అక్కడే కాచుకుని పట్టుకుంది. ఆమె పెళ్లి కుదిర్చింది కూడా పార్వతమ్మే మరి.

"నోరు తెరువవ్వా."

"నొప్పా మంటా? యాల తెరవాల?"

"నొప్పి లేనప్పుడే సూడాల. నా మొగుడికి చెవుడుండాదేమోనని నువ్వు ఎనక నిలబడి పళ్లెం జారవిడిచి సూసినావే. ఆయప్ప చెవి నొస్తాందని చెప్పినాడా?"

పార్వతమ్మ కోపంగా నోరు తెరిచింది. బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉంది.

మదనపల్లెకు నేనే తీసుకెళ్లాను; అక్కడ డాక్టరు మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేదాకా ఆవిడ పక్కింటివాళ్లతో కూడా పోట్లాడలేదు. మాకు నిజంగానే భయమేసింది. చివరికి డాక్టరు, ఇది ఇంకా క్యాన్సర్ కాదు, పొగాకు మానకపోతే అయ్యే ప్రమాదం ఉంది, మానినా అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలి అన్నాడు.

"ఉత్త ఆకూ వక్కా ఏసుకుంటా సామీ" అని బేరమాడింది. వక్క కూడా వద్దన్నాడాయన. పార్వతమ్మ బేరంలో ఓడిపోవడం నేను చూసింది అప్పుడే.

మానింది. మానుతున్నన్నాళ్లూ వీధిలో అందరినీ తిట్టింది, నన్ను కాస్త ఎక్కువగా.

తర్వాత గుడుపల్లెలో గోపాలస్వామి కూతురికి తాంబూలాలు. పిల్లవాడు ప్రదీప్‌ది కుప్పం. పళ్లెం ముందుకు రాగానే పార్వతమ్మ కళ్లకద్దుకుని పక్కన పెట్టేసింది. గోపాలస్వామి మొహం మారిపోయింది.

"యాల నమల్లేదు? పిల్లోడికి ఏమన్నా ఉండాదా?"

"ఏమీ లేదప్పా."

"అయితే నమలు."

ప్రదీప్ తల్లి మునెమ్మ నోటినిండా పొగాకుతోనే లేచింది. "నా బిడ్డకు లోటుండాదని పదిమందిలో అనిపిస్తాండావా? ఒక్క ఆకు నమిల్తే నీ సొమ్మేం పోతాది?"

లోపల పెళ్లికూతురు ఏడుపు మొదలుపెట్టింది. పార్వతమ్మ చెయ్యి పళ్లెం దాకా వెళ్లింది. ఒక్క ఆకు నమిలితే అందరూ చల్లబడేవాళ్లు, ఆవిడ మాటా నిలిచేది. కానీ ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, వేలితో బుగ్గ పక్కకు లాగి అందరికీ చూపించింది.

"సూడండి. లోటు పిల్లోడికి లేదు, నాకుండాది. పొగాకూ వక్కా పెట్టిన మచ్చ ఇది. డాక్టరు వద్దన్నాడు. పిల్లోడు బంగారం. నా నోరే సూపించినాను, ఇంక అబద్ధం చెప్తానా?"

గోపాలస్వామి కళ్లజోడు పెట్టుకుని, దగ్గరికొచ్చి మరీ చూశాడు. మచ్చ నిజమేనని తేలాక తాంబూలాలు మార్చుకున్నారు.

భోజనాల దగ్గర మునెమ్మ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. బుగ్గన ఉన్న ముద్దను వేలితో తీసి, ఎవరూ చూడకుండా పారేసి, మెల్లగా అడిగింది.

"నొప్పేమీ ఉండదా పార్వతమ్మా?"

"ఉండదు. అందుకే సూపించుకోవాల" అని పార్వతమ్మ ఆమె గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పింది. "నోరు తెరువు."