ఆలేరు నీళ్లు ముట్టనన్న ఒట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు ఊళ్లకు అస్సలు పడేది కాదు. మాది రామన్నపేట, అమ్మ పుట్టిల్లు ఆలేరు. మా నాన్న వాళ్ల నాన్న అయిన తాతయ్య, ఆలేరు మేనమామ ఒకచోట కూర్చుంటే చాలు, ఏ ఊరు గొప్పదన్న పంచాయితీ మొదలయ్యేది. రైలు ఆగే ఊరు మాదని మామ మీసం తిప్పేవాడు. "ఆగేది దిగేటోళ్ల కోసం గాదు పిలగా, మీ ఊరిడిసి పారిపోయేటోళ్ల కోసం" అనేవాడు తాతయ్య. అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం.

ఒకరోజు ఆ మాటల ఊపులోనే తాతయ్య నా నెత్తిమీద చెయ్యి పెట్టి, మామ మా ఊరే గొప్పదని ఒప్పుకునేదాకా ఆలేరు నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టాడు. పెద్దవాళ్లు నవ్వారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. ఒట్టు తప్పితే ఎవరి నెత్తిమీద చెయ్యి పెట్టారో వాళ్లు చచ్చిపోతారని మా వాడలో పిల్లలందరికీ తెలుసు.

ఆ ఎండాకాలమే మామ పొలంలో ఎరువు కోసం మా గొర్రెల మందను రాత్రిళ్లు నిలపడానికి తాతయ్యా నేనూ ఆలేరు వెళ్లాం. తాతయ్య పంతం కొద్దీ మా బావి నీళ్లే సొరకాయ బుర్రలో నింపుకున్నాడు. దారిలో చాలావరకు నాకే తాగించాడు. మామ పొలం గట్టు చేరేసరికి బుర్ర ఖాళీ. తాతయ్య తూలి పడిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. వడదెబ్బ తగిలింది.

మామ చెంబుతో నీళ్లు తెచ్చాడు. తాతయ్య నన్నొకసారి చూసి, పళ్లు బిగించి మొహం తిప్పుకున్నాడు. తాగకపోతే తాతయ్య పోతాడు, తాగితే నేను పోతాను. తాగమని చెప్పాలని ఉంది. కానీ వెళ్లి గొర్రెల మధ్య దాక్కున్నాను. అంత భయం మళ్లీ ఎన్నడూ పడలేదు.

ఆ చూపు ఎందుకో మామకు అర్థమైంది. సొంత ఊరివాళ్లంతా చుట్టూ ఉండగానే గొంతు చించుకుని అరిచాడు.

"రామన్నపేటనే గొప్పది పెద్దయ్యా! మా ఆలేరు దాని కాలిగోటికి గూడ సాలదు. నేను ఓడిపోయిన. జర తాగు!"

తాతయ్య నోరు తెరిచాడు. గుక్క గుక్కగా సగం చెంబు తాగాక నన్ను పిలిచి, "ఒట్టు తీరింది బిడ్డా, నీకేం గాదు" అన్నాడు. నాకింకా నమ్మకం కుదరక, పడుకునేదాకా నెత్తి తడుముకుంటూనే ఉన్నాను.

ఊళ్లో వాళ్లు ఎంత ఎగతాళి చేసినా మామ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే నేను మళ్లీ భయపడతానని ఆయనకు తెలుసు. బతికినంతకాలం ఓడిపోయే ఉన్నాడు.

తెలంగాణ వచ్చాక, ఏ పట్టణం జిల్లా కావాలని నా మనవలు వాదించుకుంటూ నన్ను కూడా లాగారు. నేను ముందే ఓడిపోయానని చెప్పేశాను. పిల్లల నెత్తిమీద చెయ్యి పెడితే మాత్రం దీవించడానికే పెడతాను.