నాకు లొంగి, రాళ్లన్నకు లొంగని రాయి

ముందే ఒప్పేసుకుంటున్నాను: నాకు బల్లిని చూపిస్తే మొసలని రాస్తాను. మా ఇంట్లోవాళ్లు నా మాటల్లో ముప్పావు వంతు తీసేసి వింటారు, మీరూ అలాగే చేయండి. ఆ రోజుల్లో అమీర్‌పేటకు వచ్చిన ప్రతివాడూ కంప్యూటర్ కోర్సుకే వచ్చేవాడు. ఒక్కో మెట్లదారికి నాలుగొందల బోర్డులు, ఒక్కో హాస్టల్ గదిలో అరవై మంది (సరే, ఆరుగురు). వాళ్లందరి మధ్యా భూగర్భశాస్త్రం చదివి, అదీ అత్తెసరు మార్కులతో గట్టెక్కిన ఏకైక ప్రాణిని నేను. చివరికి పంజాగుట్ట సందులో ఉంగరాల రాళ్లమ్మే కొట్లో పని దొరికింది. యజమానిని సందంతా రాళ్లన్న అనేది. “రాయి అసల్దా, నకిలీదా చెప్తే చాలు తమ్మీ. తప్పు చెప్పినవో, గా దినమే నీ సామాన్ సదురుకో” అన్నాడు. అదే నా నియామకపత్రం.

ఒక ముసురు మధ్యాహ్నం, ఆకాశం కాటుకలా దిగిపోయిన వేళ, ఒక పెద్దావిడ వచ్చి పసుపుగుడ్డ విప్పారు. లోపల చాకు రేకులా పొడవాటి నీలిరాయి. నీలం పడుతుందో లేదో తెలుసుకోవడానికి మూడు రోజులు తలగడ కింద పెట్టి చూస్తారు కదా, అలా భర్త తలగడ కింద పెట్టారట. “మొదటిరోజు గడియారం ఆగింది. రెండోరోజు పాలు విరిగాయి. మూడోరోజు మా ఆయన నిద్రలో నన్ను బుజ్జులూ అన్నారు బాబూ. అలా పిలిచింది మా నాన్న ఒక్కరే. ఆయన పోయి పాతికేళ్లు.” కొట్లో ఫ్యాను కూడా ఊపిరి బిగబట్టింది (కరెంటు పోయింది). “చెడ్డ నీలం, మూసీలో పారేయమన్నారు సిద్ధాంతిగారు. నీలం కాదని మీరు తేల్చి చెబితే ఉంచుకుంటాను. నాన్న నెల్లూరు వైపు అభ్రకం గనిలో పనిచేస్తూ తెచ్చుకున్నది. ఆయనదంటూ ఇదొక్కటే మిగిలింది నాకు.”

ఉక్కు సూదితో గీశాను. తెల్లటి గీత పడింది. “నీలమైతే సూదికి లొంగదమ్మా, ఇది నీలం కాదు” అన్నాను ఠీవిగా. ఆవిడ ముఖం వెలిగింది. బల్లకు పక్క అంచున కూర్చున్న రాళ్లన్న సూది లాక్కుని తనూ గీశాడు. సూది జారిపోయింది, గీత లేదు! నేను గీస్తే పడింది. ఆయన గీస్తే లేదు. మళ్లీ నేను, మళ్లీ ఆయన. మసక వెలుతురులో ఆ రాయి మా ఇద్దరినీ చూస్తున్నట్టే ఉంది. “గిది మనుషులను గుర్తు పడ్తుందిరా!” అని రాళ్లన్న కుర్చీతో సహా గోడకు అతుక్కున్నాడు. “జల్ది మూసీల ఏసిరా అమ్మా, నా దుకాన్ల వద్దు!” ఆవిడ గుడ్డ మడవసాగారు. నా సామాను నా కళ్లముందే సర్దుకుంటోంది.

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. గుడ్డ ఆపి రాయిని అడ్డంగా తిప్పాను. నిలువుగా గీసిన నా సూదే ఇప్పుడు జర్రున జారింది! “అన్నా, నేను నిలువుగా గీశాను, మీరు పక్కన కూర్చుని అడ్డంగా గీశారు. ఇది కయనైట్. భూమి లోపల బంకమన్ను ఒత్తిడికి నలిగి, వేడికి మాగి ఇలా మారుతుంది. పొడవునా మెత్తన, అడ్డంగా గట్టి.” రాళ్లన్న గోడను వదిలాడు. ఆవిడ రాయిని చాలాసేపు నిమిరారు. “అచ్చం మా నాన్నే. ఆయన దారిన వెళ్తే వెన్న. అడ్డం వెళ్లామా, ఇక అంతే” అని నవ్వి, రాయిని కొంగున ముడేసుకుని వానలోనే వెళ్లిపోయారు.

ఇక కల్పించినదేదో చెప్పాలి కదా. గడియారం కాదు, పాలు కాదు, బుజ్జులూ అన్న పిలుపు అసలే కాదు. నా బుర్రలో మెరిసిన మెరుపు ఒక్కటే కల్పన. కయనైట్ గురించి పరీక్షలో అడిగినప్పుడు ఖాళీ కాగితం ఇచ్చి వచ్చినవాణ్ణి నేను. ఆ రోజు గుడ్డ మడవబోయి ఆగి, రాయిని తిప్పి నా ముందు పెట్టింది ఆవిడే. “బాబూ, ఒకసారి ఇటుగా గీసి చూడు. మా నాన్నతో కూడా ఇలాగే, ఎటునుంచి వెళ్తామన్నదే లెక్క” అన్నారు. దాని పేరు నేను హాస్టల్‌కు వెళ్లి, అట్టపెట్టె అడుగున ఉన్న పాఠ్యపుస్తకం తీసి చూశాక తెలిసింది. ఆ పేజీ అప్పటిదాకా విప్పనేలేదు, అంచులు అంటుకునే ఉన్నాయి.