రౌతాహల్లా చివరి మ్యాట్నీ

మీరెవరైనా రౌతాహల్లా షోకి వెళ్దామనుకుంటే నా సలహా ఆలస్యమైనట్టే, ఇదే వాళ్ల చివరి టూర్. ఇంజినీరింగ్ హాస్టల్లో కాపీ కొట్టిన సీడీలో నేను మొదటిసారి విన్న ఫిన్లాండ్ హెవీ మెటల్ బ్యాండ్ అది. ఒకప్పుడు యూరప్‌లో స్టేడియాలు నింపారు. తర్వాత గిటారిస్టు గొడవపడి వెళ్లిపోయాడు, ఆల్బమ్‌లు చప్పగా వచ్చాయి. ఇప్పుడు న్యూయార్క్‌లో ఒక చిన్న హాలు, అదీ ఆదివారం మ్యాట్నీ.

మా ఊరు ప్లెయిన్స్‌బరో నుంచి ప్రిన్స్‌టన్ జంక్షన్ దాకా కారులో వెళ్లి, పదకొండు దాటాక న్యూయార్క్ రైలెక్కాం. తోడు మా అమ్మాయి అనన్య, కాలేజీలో చదువుతోంది. హాల్లోకి బయటి తిండి రానివ్వరు కాబట్టి దిబ్బరొట్టె రైల్లోనే తినేశాం.

ఆత్రంలో తిన్నది ఒంటబడితేగా! వాళ్ల పెద్ద హిట్ పాట చివర గాయకుడు ఊపిరి తిప్పుకోకుండా ఒక కేక పెడతాడు. దాన్ని ఒక్కసారి ఎదురుగా వినాలని ఏళ్ల తరబడి కోరిక. ఎదుటి సీట్లో రౌతాహల్లా టీషర్టు వేసుకున్న తెల్లాయన పలకరించాడు.

"మొన్న బోస్టన్ షో క్యాన్సిల్ చేశారు. గొంతు పట్టేసిందట."

"ఇవాళ పాడతారా మరి?" అన్నాను.

"చిల్, నాన్నా. ఆయన ఓల్డ్ కదా. పాడకపోతే ఇట్స్ ఓకే," అంది అనన్య.

"ఓకే ఎలా అవుతుందే?"

రెండింటికి షో. అనన్య వీడియో తీస్తానని ముందుకు తోసుకుపోయింది. మొదటి తీగ మీటగానే పసిగట్టాను. గిటార్లన్నిటికీ శ్రుతి దించేశారు. గాయకుడికి పై స్థాయి అందడం లేదన్నమాట. హాస్టల్లో వేళ్లు బొబ్బలెక్కేలా వాయించిన పాటలవి, తేడా నాకు తెలియకుండా పోదు. పాటకీ పాటకీ మధ్య ఆయన నీళ్లు తాగుతుంటే నేను గుక్కలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

చివరికి ఆ పాట వచ్చింది. కేక దగ్గరపడేసరికి రైల్లో కలిసిన టీషర్టాయన నా భుజం పట్టుకున్నాడు. గాయకుడు మైకు ఎత్తి కళ్లు మూసుకున్నాడు. ఆయన గొంతు పగిలితే వినలేనని ఆ కేక నేనే పెట్టేశాను. నేనొక్కణ్నే కాదు, హాలంతా పైకప్పు లేచిపోయేలా అరిచింది.

ఐదు గంటల రైల్లో తిరుగు ప్రయాణం. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

"నాన్నా, నువ్వు స్క్రీమ్ చేశావ్. ఆయన్ని అసలు వినలేదు కదా?"

నిజమే, వినడానికే వెళ్లి వినకుండా వచ్చాను. మేమంతా కలిసి ఒక మనిషి పరువు కాపాడామో, అతని చివరి అవకాశాన్ని లాగేసుకున్నామో తెలియక బాధగా ఉంది.

"నేను స్పీకర్ పక్కనే ఉన్నా, విన్నా," అంది అనన్య. "ఆ కేక వచ్చిందో రాలేదో చెప్పనా?"

నోటిదాకా వచ్చిన 'చెప్పు' అక్కడే ఆగిపోయింది.

"వద్దమ్మా," అన్నాను.