కామన్ రూమ్ ముందు చెప్పులు

కరోనా తర్వాత కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది జూన్‌లో నన్ను సూరత్‌లో ఉధ్నా వైపున్న ఒక కామర్స్ కాలేజీకి స్టూడెంట్ కౌన్సెలర్‌గా వేశారు. అప్పటిదాకా అదే ట్రస్టు వారి హైస్కూల్లో పనిచేశాను. రిటైర్మెంట్‌కు మూడేళ్లుంది. జీతంలో పెద్ద తేడా లేకపోయినా, కాలేజీకి పోవడమంటే నా దృష్టిలో ప్రమోషనే.

కౌన్సెలర్ పాఠం చెప్పడు, ఆఫీసు ఫైళ్లూ చూడడు. నేరుగా ప్రిన్సిపాల్ కింద పనిచేస్తాడు. మొదటి సంవత్సరం పిల్లలు కొత్త చోట బెదిరిపోకుండా నిలదొక్కుకునేలా చూడడం అతని బాధ్యత. దీనికొక పద్ధతి ఉంది. ఒక్కో అధ్యాపకుడికి కొంతమంది పిల్లలను అప్పగిస్తారు, ఆయన్ని మెంటర్ అంటారు. ఎవరైనా దిగులుగా కనిపిస్తే మెంటర్ ఒక పసుపు చీటీ రాసి నా దగ్గరికి పంపాలి. నేను ఆ విద్యార్థితో ఫారం నింపించి, మాట్లాడి, రిజిస్టర్‌లో పేరు బదులు నంబరు వేసి, విషయం రాసి, బీరువాలో తాళం వేయాలి. నేనడిగినట్టే నాకు గది ఇచ్చారు. సోఫా, కర్టెన్లు, బల్ల మీద టిష్యూ డబ్బా అమర్చుకున్నాను. ఆ డబ్బా జూలై అంతా కొత్తగానే ఉండిపోయింది.

ఎవరూ రాలేదు. ఇండక్షన్ రోజుల్లో మైకు పట్టుకుని, నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని మూడు భాషల్లో చెప్పాను. ఒక ఆదివారం అందరినీ డుమస్ బీచ్‌కు తీసుకెళ్లాను. టమాటా భజియాలు కడుపునిండా తిన్నారు, సముద్రం దగ్గర ఫోటోలు దిగారు. నాతో మాత్రం బస్సు ఎప్పుడు బయల్దేరుతుందన్న సంగతి తప్ప ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో ఆగస్టులో తెలిసింది. నా గదికి నాలుగు గదుల అవతల ఆడపిల్లల కామన్ రూమ్ ఉంది. అక్కడి అటెండెంట్ మంజులాబెన్ నాల్గో తరగతి ఉద్యోగి. కతర్‌గామ్ నుంచి వస్తుంది. గది ఊడ్చి, నీళ్లు పట్టి, మిగతా సమయంలో చాప మీద కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. మార్కెట్ నుంచి ఇళ్లకు చీరలు తెచ్చుకుని గమ్ముతో మెరుపు రాళ్లు అంటించే పని సూరత్‌లో గల్లీగల్లీకీ ఉంది. ఆమె చుట్టూ ఎప్పుడూ అరడజను మంది పిల్లలు. వాళ్లూ తలో అంచు పట్టుకుని అతికిస్తూ ఉంటారు, మాట్లాడుతూ ఉంటారు.

ఆ గది ముందు చెప్పులు కుప్పగా ఉండేవి. నా గది ముందు నేను కొనిపెట్టిన, కాళ్లు తుడుచుకునే కాలిపట్టా ఒక్కటే ఉండేది. దారిన పోతున్నప్పుడల్లా ఆ చెప్పులు ఎన్ని జతలో చూసుకునేదాన్ని. పదికి పైగా కనిపించిన రోజు నాకు అన్నం సయించేది కాదు. నేను సైకాలజీలో ఎమ్మే చేశాను, శిక్షణలు తీసుకున్నాను. ఆమె ఏడో తరగతితో ఆగిపోయింది. ఇది అసూయ అని ఆ రోజుల్లో ఎవరన్నా అని ఉంటే నేను కొట్టిపారేసేదాన్ని. వృత్తిపరమైన ఆందోళన అని నాకు నేనే పేరు పెట్టుకున్నాను.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి రవళి. డిండోలి నుంచి వచ్చేది. తండ్రిది నిజామాబాద్ జిల్లా, ఇక్కడ పవర్‌లూమ్ కార్మికుడు. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. జాబితాలో ఆమె తెలుగు ఇంటిపేరు చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మా నాన్నా కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడి మగ్గాల మీదే బతికాడు. తండ్రి రాత్‌పాళీ, అంటే రాత్రి షిఫ్టు, చేసి వచ్చి పగలు ఒకే గదిలో నిద్రపోతుంటే, పిల్లలు చప్పుడు చేయకుండా బయట కాలం గడపడం నాకు బాగా తెలుసు. రవళి పొద్దున్నే వచ్చి సాయంత్రం గేటు మూసేదాకా ఉండడం అందుకేనని నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నేను తాపీ నది అవతల ఫ్లాటులోకి మారి చాలా ఏళ్లయింది.

ఇండక్షన్ రోజు ఆమెను ప్రత్యేకంగా పిలిచి తెలుగులో పలకరించాను. నవ్వి, తల ఊపి, వెళ్లిపోయింది. ఆగస్టులో ఒక రోజు కామన్ రూమ్ కిటికీలోంచి చూస్తే రవళి రాళ్లు అతికిస్తూ ఏడుస్తోంది. మంజులాబెన్ తల కూడా ఎత్తకుండా తన పని తాను చేసుకుంటోంది. తెలుగు ముక్క రాని మనిషి ముందు మా తెలుగు పిల్ల కన్నీళ్లు పెట్టుకుంటోంది! నా కడుపు భగ్గున మండింది.

ఆ వారంలోనే మంజులాబెన్ నా గుమ్మం దగ్గరికి వచ్చింది. ఒక పిల్ల క్లాసులో కూర్చుంటున్నా ఆబ్సెంట్ పడుతోందని, నేను సార్‌తో ఒక మాట చెబితే బాగుంటుందని అంది. పిల్ల పేరు కూడా చెప్పబోయింది. నేను కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, ఎవరికి ఇబ్బందో వాళ్లనే వచ్చి ఫారం నింపమనండి అన్నాను. పద్ధతి ప్రకారం అది సరైన జవాబే. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

తర్వాత నేను ప్రిన్సిపాల్‌కు రిపోర్టు రాశాను. అటెండెంట్ కాలేజీ వేళల్లో సొంత పని చేసుకుంటోందని, విద్యార్థినుల చేత జీతం లేని చాకిరీ చేయిస్తోందని, శిక్షణ లేని వ్యక్తి సున్నితమైన విషయాల్లో తలదూర్చడం ప్రమాదకరమని మూడు పేరాలు. ఒక్క అబద్ధం లేదు. పిల్లల్లో ఒక్కరినీ అడిగి రాసింది కూడా కాదు. నాలుగో రోజున ఆఫీసు ఆర్డర్ వచ్చింది. మంజులాబెన్‌ను కింద రికార్డు రూమ్‌కు మార్చారు, కామన్ రూమ్‌ను భోజనం వేళ తప్ప తాళం వేసి ఉంచమన్నారు. ఆర్డర్ కాపీ చదువుకుని ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో రెండు కప్పుల టీ తాగాను. అంత రుచిగా అనిపించింది.

ఇక పిల్లలు నా దగ్గరికే వస్తారనుకున్నాను. రాలేదు. కొందరు మెట్ల మీద కూర్చునేవారు, కొందరు ఇళ్లకు పోయేవారు. నా కాలిపట్టా శుభ్రంగానే ఉంది.

సెప్టెంబర్‌లో పరీక్ష ఫారాలు మొదలయ్యాయి. తగినంత హాజరు లేకపోతే ఫారం తీసుకోరు, తీసుకోకపోతే ఆ సెమిస్టర్ పోయినట్టే. ఆఖరి తేదీ మూడు రోజుల్లో ఉందనగా నా బల్ల మీదికి అడ్మిషన్ రద్దు దరఖాస్తు ఒకటి వచ్చింది. చేరేటప్పుడు కాలేజీ తీసి పెట్టుకున్న స్కూల్ సర్టిఫికెట్ తిరిగి ఇవ్వాలంటే కౌన్సెలర్ సంతకం ఉండాలి. దరఖాస్తు మీద పేరు రవళి.

తల్లితో వచ్చింది. నేను ఏమడిగినా ఔను, కాదు తప్ప మూడో మాట లేదు. తల్లే మాట్లాడింది.

“మీరు మనోళ్లేనట గద మేడమ్, జర సంతకం పెట్టుండ్రి. దానికి చదువు వశమైతలేదు. ఇంట్ల చీరలు మడుచుకుంట కూసుంటది. తోలుకపోత.”

పద్దెనిమిదేళ్ల పిల్ల జీవితం నా పెన్ను చివర ఉందని అప్పుడు భయం వేసింది. నిబంధన ప్రకారం దరఖాస్తును రెండు పనిదినాలు నా దగ్గర ఉంచుకోవచ్చు. రేపు రమ్మన్నాను.

వాళ్లు వెళ్లాక హాజరు పట్టిక తెప్పించాను. రవళి పేరు ఎదురుగా వరసగా ఆబ్సెంట్లు. మంజులాబెన్ చెప్పబోయిన పేరు ఏదో అప్పుడు అర్థమై తల కొట్టేసినట్టయింది. కిందికి దిగి రికార్డు రూమ్‌కు వెళ్లాను. ఆమె పాత ఫైళ్ల దుమ్ము దులుపుతోంది. ఆర్డర్ ఎవరి వల్ల వచ్చిందో ఆమెకు తెలుసు. ఒక్క మాట దెప్పలేదు, అదే నాకు మరీ కష్టమైంది. ఆ పిల్లతో ఏం మాట్లాడేవారని అడిగాను.

“నేనేం మాట్లాడతాను, బెన్?” అని గుజరాతీలో అంది. “కొంత గుజరాతీలో చెప్పేది, కొంత మీ భాషలో. నాకు సగమే అర్థమయ్యేది. నేను రాళ్లు అతికించేదాన్ని. చేతికి పనుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది.”

ఒక చీర కావాలని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు. మర్నాడు పొద్దున గేటు దగ్గర పేపర్లో చుట్టిన చీర, గమ్ము సీసా, రాళ్ల పొట్లం నా చేతిలో పెట్టింది. నేను నిషేధింపజేసిన సామాను నేనే సంచీలో దాచుకుని గదికి చేర్చాను.

రవళి వచ్చింది. తల్లిని బయట కూర్చోమన్నాను. రిజిస్టర్ సొరుగులో పెట్టేసి చీర బల్ల మీద పరిచాను. మొదటి రాయి వంకరగా పడింది, రెండో రాయి దగ్గర గమ్ము పారింది. ఆమె కాసేపు ఓపిక పట్టింది.

“అట్ల గాదు మేడమ్, గమ్ జర తక్కువ పెట్టాలె. కపడా కరాబైతది,” అని సీసా నా చేతిలోంచి తీసుకుంది.

రెండు వరసలయ్యాక మాట వచ్చింది. మొదటి రోజు క్లాసులో పేరు, ఊరు ఇంగ్లీషులో చెప్పమన్నారట.

“నాకు రాలే. వెనకంగ నవ్విండ్రు. గప్పటిసంది నంబర్ పిలిస్తే గొంతు పట్టేస్తది. ప్రెజెంట్ అననీకి ఒక్కటే మాట మేడమ్, గదే వస్తలేదు. సార్ తల ఎత్తడు, ఆబ్సెంట్ ఏస్తడు. నేను ముందట బెంచీ మీదనే ఉంట.”

వృత్తి ధర్మం ప్రకారం నేను అక్కడ ఆగాలి. ఆగలేకపోయాను. తెలుగులో చెప్పుకునే వీలుండగా నా దగ్గరికి ఎందుకు రాలేదని అడిగాను. నా గొంతులో నిష్ఠూరం నాకే వినిపించింది.

“మీరు రాసుకుంటరు,” అంది, రాయి మీంచి చూపు తీయకుండా. “మల్ల మీరు మనోళ్లు. మా గల్లీల తెలిస్తే బాపు ఇజ్జత్ పోతది. మంజుబెన్ ఎవ్వలకు చెప్తది? ఏడ్సినా నా దిక్కు చూడది. చీర దిక్కు చూస్తది.”

మనవాళ్లు అన్న మాటను నేను నా అర్హతల్లో మొదటిదిగా లెక్కపెట్టుకున్నాను. ఆ పిల్ల నాకు దూరంగా ఉండడానికి అదీ ఒక కారణం.

అదే రోజు ఆ అధ్యాపకుణ్ని కలిశాను. ఆయన నిజంగానే నంబర్లు పిలిచేటప్పుడు తల ఎత్తరు. ముందు బెంచీ అమ్మాయి రోజూ రావడం చూస్తూనే ఉన్నానని, ఆమే రవళి అని మాత్రం తెలియదని చెప్పి నొచ్చుకున్నారు. హాజరు సవరిస్తూ సంతకం చేశారు. మొదటి సంవత్సరం వారికి నోటి హాజరు బదులు సంతకాల కాగితం తిప్పాలని నేను పెట్టిన ప్రతిపాదనను ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు.

రెండో కాగితం రాయడానికి మాత్రం ఆ సాయంత్రమంతా పట్టింది. నా మొదటి రిపోర్టు విద్యార్థినులను విచారించకుండా రాసిందని, మంజులాబెన్‌ను తిరిగి కామన్ రూమ్‌కు వేయాలని అందులో ఉంది. ప్రిన్సిపాల్ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని, ఏది నిజమని అడిగారు. మొదటిది అసూయతో రాశానని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ మాట కాగితం మీద అక్కర్లేదన్నారు.

ఆఖరి తేదీ నాడు రవళి పరీక్ష ఫారం నింపింది. మంజులాబెన్ మర్నాటి నుంచి పాత చాప మీద కూర్చుంది. చీరల పనికి అనుమతి ఇవ్వాలంటే దానికొక పేరుండాలి కాబట్టి ఆఫీసు వారు హస్తకళల కార్యక్రమం అన్నారు, నిర్వాహకురాలిగా నా పేరు వేశారు. మరుసటి ఏడు తనిఖీకి వచ్చినవారు దాన్ని మెచ్చుకుంటూ నన్ను అభినందించారు. మంజులాబెన్ పేరు చెప్పాను. నాల్గో తరగతి ఉద్యోగుల పేర్లు రాయడానికి వారి ఫారంలో గడి లేదు.

రవళి ఒక సబ్జెక్టు తప్పి, మళ్లీ రాసి పాసైంది. ఫలితాలు వచ్చిన రోజు పేడా మిఠాయి డబ్బా తెచ్చింది. నా గది దాటుకుని ముందు కామన్ రూమ్‌కు వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు నాకూ ఒకటి పెట్టింది. డబ్బాలో అప్పటికి నాలుగే మిగిలాయని గమనించాను.

పిల్లల గోడు వినే మనిషి, ఆ గోడు తీర్చగల అధికారమున్న మనిషి ఒకరే కానక్కర్లేదని ఆ సెమిస్టర్ నాకు నేర్పింది. మంజులాబెన్‌కు వినడం వచ్చు, హాజరు సవరించే అధికారం లేదు. నాకు ఆ దారి తెలుసు, పిల్లలు నాకు చెప్పరు. ఆమె నా గుమ్మం దగ్గరికి వచ్చిన రోజే నేను కుర్చీ చూపించి ఉంటే, ఆ దరఖాస్తు రాసే అవసరం పడేది కాదు.

రిటైరైన రోజు నా తర్వాత వచ్చిన కౌన్సెలర్‌కు బాధ్యతలు అప్పగిస్తూ నోటు రాశాను. బీరువా తాళాలు రెండు, రిజిస్టర్లు మూడు, సోఫా ఒకటి. చివర ఒక వాక్యం చేర్చాను: కామన్ రూమ్ ముందు చెప్పులుంటే లోపలికి వెళ్లవద్దు, మంజులాబెన్ మీ గుమ్మం దగ్గరికి వస్తే లేచి కుర్చీ వేయండి. సంతకం చేసి కిందికి దిగబోతూ, అలవాటు కొద్దీ కామన్ రూమ్ తలుపు ముందు ఆగి చూశాను. పదకొండు జతలున్నాయి. కడుపులో మంట అప్పటికీ తగ్గలేదు. చప్పుడు చేయకుండా దాటి వెళ్లాను.