అన్నం ఉడికేదాకా ఆగుండ్రి

మా చిన్నమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయింది. తెలకపల్లి దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న తన లారీలో, తన మంచం మీదే పోయింది. ప్రాణం పోయే మనిషిని నేల మీదికి దింపాలని చుట్టుపక్కల వాళ్లు వచ్చి చెప్పారు. కింద చాప కూడా పరిచారు. చిన్నమ్మ కళ్లు తెరిచి నా వైపు చూసి, "నన్ను దింపకు బిడ్డా" అంది. నేను దింపలేదు. అందుకు నన్ను ఇప్పటికీ తిడుతున్నారు. తిట్టనివ్వండి. ఈ నాలుగు ముక్కలు వాళ్ల కోసం కాదు. ఆమెను ఏ రోడ్డు మీదో చూసి, ఎవరీమె అనుకున్న వాళ్ల కోసం రాస్తున్నాను.

గోపాల్‌పేట, ఖిల్లా ఘణపూర్, వనపర్తి తోవల్లో తిరిగినవాళ్లు తప్పకుండా చూసే ఉంటారు. వెనక సగం ఇల్లు, సగం సామానుతో ఒక చిన్న లారీ. పైన రేకు కప్పు, పక్కన కిటికీ, కిటికీకి పాత గద్వాల చీర చించి కుట్టిన తెర. స్టీరింగు ముందు ఒక ఆడమనిషి. పిల్లలు ఆ లారీ వెంట ఉరికేవాళ్లు, పెద్దలు మొహం తిప్పుకునేవాళ్లు. చిన్నమ్మ ఇద్దరికీ ఒకేలా హారను కొట్టేది.

లారీ మా చిన్నాయనది. పల్లికాయ బస్తాలు అంగళ్లకు చేర్చేవాడు. క్లీనరు చెప్పకుండా వెళ్లిపోయిన ఏడాది తోడుకని చిన్నమ్మను పక్కన ఎక్కించుకున్నాడు. తోవ ఖాళీగా ఉన్నచోట ఆమెకు నడపడం నేర్పాడు. ఆ తర్వాత జ్వరం తగిలి వారం తిరక్కుండానే పోయాడు. దినాలు కాగానే ఆయన అన్న, అంటే చిన్నమ్మకు బావ, తీర్పు చెప్పాడు. ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గోపాల్‌పేటలో ఆయన మాటకు ఎదురు లేదు. లారీని ఆయన అమ్మేస్తాడు, చిన్నమ్మ వాళ్లింటి వెనక కొట్టంలో పడి ఉండాలి. ముందు నుదుటి బొట్టు తీసెయ్యాలి.

"ఇది పచ్చబొట్టు. కత్తి తెచ్చుకోండ్రి," అంది చిన్నమ్మ.

ఎవరూ తేలేదు. మర్నాడు పొద్దున వాళ్లు లేచేసరికి వాకిట్లో లారీ లేదు. చిన్నమ్మ దాన్ని నడుపుకుంటూ వనపర్తి చేరింది. అక్కడ గద్వాల అవతలి నుంచి వచ్చి స్థిరపడిన వడ్లాయన ఒకడు ఇళ్లకు దర్వాజలు చేసేవాడు. లారీ వెనక చెక్కలతో గది కట్టమంటే ఆయన హుషారుగా కట్టాడు. మడిచి గోడకు కట్టేసే మంచం, దాని కింద జొన్నల డబ్బా, మూలన పొయ్యి, పొయ్యి చుట్టూ రేకు. పేచీ అంతా చివరి పని దగ్గరే వచ్చింది. డ్రైవరు కూర్చునే చోటికీ వెనక గదికీ మధ్యనున్న చెక్కగోడకు కంత కొయ్యమంది చిన్నమ్మ.

"బేడమ్మా, బేడ," అని వద్దన్నాడాయన తన గద్వాల మాటలో. "ఆ గోడకు రంపం పెడితె బండి బలం పోతది. దిగి, చుట్టు తిరిగి ముందలికెళ్లి ఎక్కరాదా?"

"దిగ. ఎవడన్న వచ్చి తలుపు గుంజిండనుకో. నేను దిగి, చుట్టు తిరిగి, జర తోవ ఇడువయ్యా అని వాన్ని బతిమాలాల్నా? మంచం మీదికెళ్లి లేస్త, స్టీరింగు ముందల కూసుంట, పోత."

ఆయన కొలతకు తాడు తీసి, ఎంత వెడల్పు కావాలని అడిగాడు.

"నేను పట్టాలె. మా బావ పట్టొద్దు."

ఆయన ఆ కొలతకే కోశాడు. బండి బలం పోకుండా కంత చుట్టూ టేకు చట్రం బిగించాడు. పని అయ్యాక, కొత్త ఇంటి గడపకు చేసినట్టే, ఆ చట్రానికి తన చేత్తో పసుపు పూశాడు. భర్త పోయాక తన ముందు పసుపు గిన్నె పట్టుకున్న మనిషి ఆయనొక్కడేనని చిన్నమ్మ తలచుకునేది.

నేను ఆ లారీలోకి తర్వాతి ఏడాది వచ్చాను. నా భర్త రెండో పెళ్లి చేసుకున్నాడు. అక్కడ ఉండలేక పుట్టింటికి వస్తే, మావాళ్లు నన్ను తిరిగి పంపడానికి మంచిరోజు చూస్తున్నారు. చిన్నమ్మ మా వాకిట్లో లారీ ఆపి, "నీ చాపకు జాగ ఉన్నది. వస్తవా?" అంది. ఇంకేమీ అడగలేదు. దారిలో నేను ఏడుస్తుంటే ఓదార్చనూ లేదు. లారీ ఆపాక నా ముందు ఉల్లిగడ్డలు పోసి, "గివి కొయ్యి. ఏడ్సినా ఎవలకు తెల్వదు," అంది. నేను కోశాను. ఆ రోజు కూరలో ఉల్లిగడ్డలు తప్ప ఇంకేమీ లేవు.

ఆమె పొయ్యి పెట్టించుకున్న చోటు కూడా విచిత్రమే. పొయ్యి ముందు కూర్చుంటే ఎదురుగా కంత, కంతలోంచి ముందు అద్దం, అద్దంలోంచి తోవ కనిపిస్తాయి. ఇక్కడెందుకు పెట్టించావని ఒకసారి అడిగాను.

"ఒండుకుంట తల ఎత్తితె గోడ కనబడొద్దు," అంది. "ఇన్నేండ్లు గోడనే చూసిన."

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, చాలామందిలాగే ఆమె కూడా బండిని బొగ్గు గ్యాసుకు మార్పించింది. వెనక మూలన పెద్ద డ్రమ్ము పెట్టించింది. దాంట్లో బొగ్గులు రాజేసి, పంకా పిడి తిప్పుతూ కూర్చుంటే, గ్యాసు సరిగ్గా తయారయ్యాక గానీ ఇంజను అందుకోదు. కుండెడు అన్నం ఉడికేంత సేపు పట్టేది.

అలాంటి రోజుల్లో గోపాల్‌పేట అంగడికి వచ్చి ఊరి బయట ఆగి ఉన్నాం. బావ మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. లారీని లాక్కుపోవడానికి ఎద్దులను తోలుకొచ్చాడు. ముందు తలుపుల దగ్గర చెరో మనిషిని నిలబెట్టి వెనక్కి వచ్చాడు.

"దిగు. బండి అప్పజెప్పు. నీకు ఇంట్ల ఇంత తిండి పెట్టమా?"

బండి పోతే ఆమె చేరేది ఆ కొట్టానికే. నేను చేరేది నా మొగుడింటికి. చిన్నమ్మ ఎంతో మర్యాదగా, "పెట్టరని ఎవలన్నరు బావా," అంది. "పొద్దటి సంది ఏం తినలే. అన్నం ఉడికేదాకా ఆగుండ్రి. ఉత్త కడుపుతోని దింపిండ్రంటె మీకే బాగుండదు."

మా ఊళ్లల్లో ఎంత పగ ఉన్నా తిండి ముందున్న మనిషిని లేపరు. బావకు మర్యాద పట్టింపు ఎక్కువ. సరేనని వెళ్లి చింతచెట్టు నీడలో కూర్చున్నాడు. మేమిద్దరం వెనకే కనబడుతున్నాం గనక, కాపలా మనుషులు కూడా నీడకు చేరారు. చిన్నమ్మ పొయ్యి మీద జొన్న గటక పెట్టింది. నన్ను డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టింది.

"ఆ పిల్ల ఏం తిప్పుతుంది?" అని కేకేశాడు బావ.

"పొయ్యికి గాలి," అంది చిన్నమ్మ. అబద్ధం కాదు.

ఎద్దుల కాలం మనిషికి ఏ పొగ దేనిదో ఏం తెలుస్తుంది. గటక ఉడికింది. చిన్నమ్మ పళ్లెంలో పెట్టుకుని కూర్చోగానే, ఆడమనిషి తింటుంటే చూడకూడదని మగవాళ్లందరూ మొహాలు అటు తిప్పుకున్నారు. ఆమె పళ్లెం నా చేతికిచ్చి కంతలోంచి ముందుకు పాకింది. ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది.

అందరిలోకీ బావే ముందు ఉరికాడు. వెనకనుంచి ఎక్కాడు, నన్ను దాటాడు, చిన్నమ్మను పట్టుకోవాలని కంతలో తలనూ ఒక భుజాన్నీ దూర్చాడు. అక్కడే ఇరుక్కున్నాడు.

లారీ ఖిల్లా ఘణపూర్ దారి పట్టింది. కాసేపు ఆపు ఆపు అని గర్జించాడు. "ఆపితె దింపుతరు కద బావా," అని చిన్నమ్మ నడుపుతూనే ఉంది. గతుకులు మొదలయ్యాక ఆయన గొంతు తగ్గింది.

"మెడ పట్టేసింది. జర మెల్లగ తోలమ్మా."

"బండి ఎవలది బావా?"

"నీదే."

"నా ఒక్కదానికి చెప్తె ఎట్ల. గుట్ట కాడ పదిమంది ఉంటరు. అక్కడ చెప్పుండ్రి."

కోటగుట్ట కింద ఆపి, ఆయన భుజానికి పల్లినూనె రాసి మేమిద్దరం బయటికి లాగాం. అక్కడున్నవాళ్లందరి ముందూ, బండి మా మరదలిది అని ఆయన చెప్పాడు. చిన్నమ్మ తను తినకుండా వదిలిన పళ్లెం ఆయన ముందు పెట్టి, "తినుండ్రి. ఉత్త కడుపుతోని పంపితె నాకే బాగుండదు," అంది. ఆయన తిన్నాడు. చనిపోయేదాకా మళ్లీ ఆ బండి జోలికి రాలేదు.

మంగళవారం సాయంత్రం చిన్నమ్మను శ్మశానానికి నేనే తీసుకెళ్లాను. ఆడది రాకూడదన్నారు. బండి నడిపేవాళ్లు ఇంకెవరున్నారని అడిగితే పక్కకు జరిగి తోవ ఇచ్చారు. ఆమె తల కంత వైపు ఉండేలా పడుకోబెట్టాను. దారి పొడుగునా నా వెనకే ఉంది. బతికున్నప్పుడైతే గేరు మార్చినప్పుడల్లా ఏదో ఒక తప్పు పట్టేది. ఆ రోజు నాకు ఆ తిట్లు కావాలనిపించి, అంతవరకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఇప్పుడు బావ కొడుకులు కబురు పంపారు. మనిషి పోయింది గనక బండి తమదేనట, దినాలు కాగానే వస్తారట, నన్ను దిగి ఉండమన్నారు. నేను ఎక్కడికీ పారిపోలేదు. లారీ తెచ్చి వాళ్ల ఊరి బయట, అదే చింతచెట్టు దగ్గర ఆపాను. యుద్ధం అయిపోయాక ఆ డ్రమ్ము తీయించేశాం, ఈసారి పొగతో పనిలేదు. వాళ్ల నాన్న పదిమందిలో అన్న మాట విన్నవాళ్లు ఘణపూర్‌లో ఇంకా ఉన్నారు. కబురు తెచ్చినవాడితో ఒకటే చెప్పి పంపాను. రమ్మను, అన్నం ఉడికేదాకా మాత్రం ఆగమను.

ఇదంతా పొయ్యి ముందు కూర్చునే రాస్తున్నాను. కుండలో నీళ్లు మరుగుతున్నాయి. తల ఎత్తితే ఆ టేకు చట్రంలోంచి, ముందు అద్దంలోంచి, గుట్ట దాకా తోవ కనిపిస్తోంది.